మూత తీయకుండా ఆడే ఆట

మూసిన పెట్టె. పైన కొన్ని మీటలు, కొన్ని దీపాలు. మీటలు నొక్కుతూ, వెలిగే దీపాలను చూస్తూ లోపలి సంగతి చెప్పాలి, మూత తీయకూడదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఎడ్వర్డ్ మూర్ 1956లో ఓ వ్యాసంలో పెట్టిన షరతు ఇది. దానికి డెబ్బై ఏళ్లు.

అంతకు ముందు ఆటల గణితానికి ఉన్న చరిత్ర ఒక్క గుక్కలో అయిపోతుంది. మనుషులు శతాబ్దాల పాటు చదరంగం ఆడారు. ఆ ఆటకు గణితం కట్టింది 1913లో గణితజ్ఞుడు జెర్మెలో. 1944లో ఫాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్‌ల బండ పుస్తకంతో గేమ్ థియరీ ఓ శాస్త్రమైంది.

మూర్ వ్యాసమంటే నాకు మమకారం. సిద్ధాంతాల నడుమ ఉన్నట్టుండి ఓ మానసిక వైద్యుడు ప్రత్యక్షమవుతాడు. రోగిని మాటలతో కదిలించి, బదులొచ్చే మాటల్ని బట్టే జబ్బు పోల్చుకుంటాడు. పుర్రె తెరవడం మెదడు సర్జన్ పని. నేటి సాఫ్ట్‌వేర్ టెస్టర్లలో ఎక్కువమంది మొదటి బాపతే! పది స్థితులున్న యంత్రంలో ఏ రెండింటికి తేడా ఉన్నా తొమ్మిది నొక్కుళ్లలో తేలిపోతుందని మూర్ నిరూపించాడు. ఆ వెంటనే ఓ మెలిక పెట్టాడు: కొన్ని యంత్రాలు ఏ స్థితిలో మొదలయ్యాయో ఎప్పటికీ తెలియదు, మొదటి నొక్కుడే ఆనవాలు చెరిపేస్తుంది.

మూర్ పెట్టె బుద్ధిమంతురాలు. అదే స్థితిలో అదే మీటకు అదే దీపం. సర్వర్లు అలా కాదు, అదే అభ్యర్థనకు ఓసారి జవాబిస్తాయి, ఓసారి ఆగమంటాయి. దాంతో ఆట మళ్లీ వచ్చింది: ఒక ఎత్తు టెస్టర్‌ది, మరో ఎత్తు సిస్టమ్‌ది. సిస్టమ్ ఎలా ఎదురాడినా కోరిన స్థితికి చేర్చే వ్యూహాన్ని, సిస్టమ్ ప్రవర్తనను రాసుకున్న మోడల్ నుంచి కంప్యూటరే వెతుకుతుంది. ఆ వ్యూహమే టెస్ట్. 1995లో పరిశోధకులు అలూర్, కూర్కూబెటిస్, యన్నకాకిస్ ఇలాంటి లెక్కలు తేల్చారు. 2004లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు వ్యూహాలు కట్టారు.

ఇక్కడి నుంచి దారం చిక్కుపడుతుంది. సిస్టమ్ నిజంగా శత్రువా, లేక పాచికలు వేసే పరధ్యానపు మనిషా? 2008లో డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ పరిశోధకులు గడియారాన్నీ ఆటలోకి దించారు. గెలుపు దారి లేనిచోట సిస్టమ్ సహకరిస్తుందన్న ఆశతోనే ఆడారు.

మోడల్ నుంచి ఇలా టెస్టులు పుట్టించే మైక్రోసాఫ్ట్ సాధనం స్పెక్ ఎక్స్‌ప్లోరర్‌కు పెద్ద పని కోర్టు గొడవ వల్ల వచ్చింది. అమెరికా ప్రభుత్వంతో 2002 నాటి రాజీ ప్రకారం విండోస్ ప్రోటోకాళ్ల వివరాలు బయటివాళ్లకు ఇవ్వాల్సి వచ్చింది. 250కి పైగా పత్రాలు, 30,000 పేజీలు. వాటిలో రాసింది నిజమో కాదో తేల్చడానికి భారత్, చైనాల్లో టెస్టర్ల బృందాలు కూర్చున్నాయి. అప్పటికే అమ్ముడైన విండోస్‌ను పరీక్షిస్తూ, తేడా కనబడితే దిద్దింది పత్రాన్ని.