సంక్షిప్త లొకేల్ పట్టికల్లో తెలుగు: చారిత్రక పరిశీలన

కంప్యూటర్‌లో తెలుగు చరిత్రను లిపి సంకేతీకరణతో ముగించడం పరిపాటి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అయితే అక్షరాలకు సంకేతాలు ఏర్పడినంత మాత్రాన తేదీని, వారాన్ని, సంఖ్యను తెలుగువారి ఆచారం ప్రకారం చూపడం యంత్రానికి సాధ్యం కాదు. ఒక భాషకు, ప్రాంతానికి చెందిన ఇటువంటి ఆచారాల సముదాయమే ‘లొకేల్’. ప్రపంచ భాషల లొకేల్ సమాచారాన్ని ఒకచోట చేర్చిన సీఎల్‌డీఆర్ భాండారం తొలి కూర్పు 2003 డిసెంబరులో వెలువడింది. 2004లో దాని నిర్వహణను యూనికోడ్ కన్సార్టియం చేపట్టింది.

అన్ని భాషల పట్టికలను సంపూర్ణంగా చేరిస్తే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పరిమాణం విపరీతంగా పెరుగుతుంది. అందువల్ల ఐసీయూ వంటి లైబ్రరీలు వారసత్వ పద్ధతిని అనుసరించాయి. ‘భారతదేశపు తెలుగు’ పట్టికలో లేని అంశాన్ని ‘తెలుగు’ పట్టికలోను, అక్కడా లేకుంటే అన్ని భాషలకు ఉమ్మడియైన మూలపట్టికలోను వెదుకుతారు. ప్రతి పట్టికలో భేదాలే మిగులుతాయి. వ్యాకరణంలోని ఉత్సర్గాపవాద పద్ధతికి ఇది సన్నిహితం.

ఏది సామాన్యం, ఏది విశేషం అన్న నిర్ణయానికి భాషాజ్ఞానమే ఆధారం. హిందీ పట్టిక సున్నాను ఏకవచన వర్గంలో చేర్చింది. తెలుగు పట్టికలో ఒకటికే ఆ స్థానం: ‘ఒక రోజు’, ‘సున్నా రోజులు’. భారతీయ భాషలన్న కారణంతో రెండింటికీ ఒకే సూత్రం వర్తింపజేస్తే పట్టిక చిన్నదవుతుంది కాని వాక్యం తప్పవుతుంది.

వారసత్వం వల్ల విడిచిన అంశం తిరిగి లభిస్తుంది. ఎంపిక వల్ల విడిచినది లభించదు. అంకెల విషయంలో వాడుకలోని 0–9తోపాటు తెలుగు అంకెలకూ స్థానిక వ్యవస్థగా చోటు దక్కింది. వారాల పేర్లలో మాత్రం ‘గురువారం’ ఒక్కటే నిలిచింది. ప్రజల నోట వినిపించే ‘లక్ష్మివారం’, ‘బేస్తవారం’ చేరలేదు. ఈ లోటును ఏ మూలపట్టికా పూరించలేదు.

ఫోన్లలో, కార్యాలయ పత్రాల్లో నిత్యం కనిపించే తెలుగును ఈ పట్టికలే నిర్ణయిస్తున్నాయి. కనుక వీటిని ఆధునిక ప్రమాణభాషా నిర్మాణానికి ఆకరాలుగా పరిశీలించాలి. వాటిలో లేని రూపం భాషలోనే లేదని మాత్రం భావించరాదు. మాండలిక పదసేకరణ ప్రయోజనం ఇక్కడ మరింత స్పష్టమవుతుంది.