మార్జాలము - గృహస్థధర్మము

పిల్లి యెంత యెత్తునుండి పడినను నాలుగు కాళ్లమీదనే నిలుచునను మాట విననివారు మనలో నుండరు. ఇందు సగము సత్యము. తక్కిన సగము మన నిర్దయకు సాకైనది. ఈ మాట చరిత్రమును పాఠకుల యెదుట నుంచుట మా యుద్దేశము.

సత్యమైన సగమును 1894లో ఎతియెన్ జూల్ మారే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నిరూపించెను. వెల్లకిలగా జారవిడిచిన పిల్లి గాలిలోనే మొదట ముందుభాగమును, పిదప వెనుకభాగమును త్రిప్పుకొని పాదములపై దిగుటను ఆయన వరుస ఛాయాచిత్రములలో చూపెను.

అయినను పాదములపై దిగుట వేఱు, దెబ్బ తగులకుండుట వేఱు. మేడలనుండి పడి తమ వైద్యశాలకు వచ్చిన 132 పిల్లుల వృత్తాంతమును న్యూయార్కు పశువైద్యులు 1987లో ప్రకటించిరి. చికిత్స పొందినవానిలో నూటికి 90 బ్రతికినవి. ఈ లెక్కను చూచి నిశ్చింతగా నుండరాదు. పడినచోటనే చచ్చినదానిని వైద్యశాలకు కొనిపోవువా రరుదు. బ్రతికినవియు వైద్యముచే బ్రతికినవి. చక్కగా దిగిన పిల్లికిని ఱొమ్మున దెబ్బ తగులును; అంగిలి చీలును; ఎముకలు విఱుగును. నొప్పిని దాచుకొని మూల నొదిగియుండుట దాని స్వభావము. దానిని మనము క్షేమమని భ్రమింతుము.

ఇక దిక్కులేని పిల్లుల సంగతి. పిల్లిని చంపినవానికి మనుస్మృతి ప్రాయశ్చిత్తము విధించినది. అందుచే మనవారు చంపుటకు వెఱతురు గాని, కూనలను సంచిలో కట్టి పొలిమేర దాటించి విడుచుటకు వెఱవరు. ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట నేరమని 1960నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది. స్మృతిభయము తప్పించుకొన్న నిర్దయను చట్టము పట్టుకొన్నది.

హైదరాబాదులో 1992లో బ్లూక్రాస్ సంస్థ వెలసి గాయపడిన వీధిజంతువులను చేరదీయుచున్నది. బాన్సువాడకు చేరువనున్న నస్రుల్లాబాదు వంటి యూళ్లకు రాజధాని దూరము. 2016లో మండలకేంద్రమైన ఆ యూరి చుట్టుప్రక్కల వరి ప్రధానమైన పంట. వడ్లున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లులు తప్పవు. మన గాదెలను కాచు ప్రాణికి గృహస్థుడే దిక్కు. పడిన పిల్లిని మెల్లగా గుడ్డ పఱచిన గంపలో నుంచి, పశువైద్యశాలకు కొనిపోవలెను. వాకిట చేరిన కూనకు గిన్నెడు నీరును, గుప్పెడు మెతుకులును పెట్టవలెను.

లోభిని నిందించుటకు పిల్లికైన బిచ్చము పెట్టడందుము. ఆ నింద మన యిండ్లకు రాకుండుగాక.