చంటిబిడ్డ మోతాదు: రేగుగింజ నుంచి సిరంజి దాకా

పిల్లలకు మందు ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు సుశ్రుత సంహిత బిడ్డ తినే తిండిని బట్టి జవాబు చెప్పింది. పాలు మాత్రమే తాగే ఏడాదిలోపు బిడ్డ క్షీరపుడు. పాలూ అన్నమూ రెండూ తీసుకునే రెండేళ్లలోపు బిడ్డ క్షీరాన్నాదుడు. ఆ పైబడినవాడు అన్నాదుడు. మొదటివాడికి వేలి రెండు కణుపుల మేర అంటేంత మందు, రెండోవాడికి రేగుగింజంత, మూడోవాడికి రేగుపండంత. పాలు తాగే బిడ్డ విషయంలో మందును పాలిచ్చే తల్లికీ ఇవ్వమని, నూరిన ముద్దను రొమ్ముకు పూసి పాలు పట్టమని కూడా ఆ గ్రంథం చెప్పింది. పిల్లల వైద్యానికే ప్రత్యేకించిన కాశ్యప సంహితలో మరో లెక్క ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డకు వాయువిడంగం గింజంత మందును తేనెతో, నేతితో కలిపి ఇవ్వాలి. నెలనెలా పెంచుతూ పోవచ్చు కానీ ఉసిరికాయ పరిమాణం దాటకూడదు.

ఈ కొలతలు పెద్దల మోతాదును భాగిస్తే వచ్చినవి కావు. బిడ్డ వయసును, అరుగుదలను చూసి కట్టినవి. పైగా, ఇంతకు మించరాదన్న హద్దు కూడా పెట్టాయి. గింజ పరిమాణం మందు బలాన్ని చెప్పలేదన్నది నిజమే. అయినా పిల్లవాడి మోతాదును పిల్లవాడి నుంచే మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఆధునిక వైద్యం మళ్లీ అందుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం సగం గడవాల్సి వచ్చింది.

తెలుగు ఇళ్లలో ఈ పని సానరాయికీ ఉగ్గుగిన్నెకూ అప్పగించి ఉండేది. వసకొమ్ము, కరక్కాయ, జాజికాయ వంటివాటిని చనుబాలతోనో నీళ్లతోనో సాన మీద అరగదీసేవారు. ఎన్ని చుట్లు తిప్పారన్నదే లెక్క. ఆ గంధాన్ని ముక్కున్న చిన్న ఉగ్గుగిన్నెలోకి తీసి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని పట్టేవారు. కొలత అంతా అమ్మమ్మ చేతి అలవాటులో ఉండేది. ఆమెతో పాటే ఆ కొలతా పోయేది.

ఐరోపా వైద్యులు వేరే దారి పట్టారు. అక్కడ అసలు మోతాదు పెద్దవాడిదే, పిల్లవాడిది అందులో ఒక భాగం. కాంతి తరంగాల మీద పరిశోధనలకూ, ఈజిప్టు చిత్రలిపిని విప్పే ప్రయత్నానికీ పేరుపడ్డ థామస్ యంగ్ వృత్తిరీత్యా వైద్యుడు. ఆయన పేరు మీద 19వ శతాబ్దంలో స్థిరపడిన సూత్రం చిన్నదే: పిల్లవాడి వయసును వయసుకు 12 కలిపిన సంఖ్యతో భాగించి, వచ్చిన భిన్నంతో పెద్దల మోతాదును గుణించాలి. తర్వాత కౌలింగ్ వచ్చే పుట్టినరోజు నాటి వయసును 24తో భాగించమన్నాడు. డిల్లింగ్ వయసును 20తో భాగించమన్నాడు. క్లార్క్ వయసును పక్కనపెట్టి, పౌన్లలో బరువును 150తో భాగించమన్నాడు. ఏడాదిలోపు పిల్లలకు ఫ్రీడ్ సూత్రం నెలల వయసును 150తో భాగిస్తుంది.

రెండేళ్ల బిడ్డను తీసుకుంటే యంగ్ లెక్కన పెద్దల మోతాదులో ఏడో వంతు వస్తుంది. కౌలింగ్ లెక్కన ఎనిమిదో వంతు, డిల్లింగ్ లెక్కన పదో వంతు. ఆ బిడ్డ 25 పౌన్లు తూగితే క్లార్క్ లెక్కన ఆరో వంతు. ఒకే బిడ్డకు, ఒకే మందుకు నాలుగు జవాబులు. నర్సింగ్ విద్యార్థులు దశాబ్దాల పాటు ఈ సూత్రాలన్నిటినీ వల్లెవేసి పరీక్షలు రాశారు. వాటిలో తేడాలున్నా అన్నిటి అడుగునా ఉన్న నమ్మకం ఒక్కటే: పిల్లవాడంటే కుదించిన పెద్దమనిషి.

కొలిచే సాధనాలు అంతకన్నా నమ్మదగనివి. గ్రెయిను, డ్రాము, మినిమ్, చుక్క, చెంచా ఇవే అప్పటి ప్రమాణాలు. గ్రెయిను అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. చుక్క పరిమాణం సీసా మూతిని బట్టి, ద్రవం చిక్కదనాన్ని బట్టి మారేది. మన దేశపు ధర్మాసుపత్రుల్లో కాంపౌండరు మిక్చరు కలిపి, రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలోనే పోసి ఇచ్చేవాడు. సీసా పక్కన అంచు పొడవునా గంట్లు కత్తిరించిన సన్నని కాగితం ముక్క అంటించేవాడు. గంటుకూ గంటుకూ మధ్య ఉన్నది ఒక పూట మోతాదు. చదువు రాని తల్లికి కూడా అర్థమయ్యే ఏర్పాటు అది. అయితే మిక్చరు అడుగున మడ్డి పేరుకుని, సీసా కుదపడం మరిచిపోతే మొదటి పూట నీళ్లూ చివరి పూట మందంతా బిడ్డ కడుపులోకి వెళ్లేవి.

ఆ రోజుల్లోనే పిల్లల మందుల వ్యాపారం పెరిగింది. 1849లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అమ్మకానికి వచ్చిన ‘మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్’ పళ్లు వచ్చే పిల్లల ఏడుపు ఆపుతుందని పేరు తెచ్చుకుంది. ఒక ఔన్సులో 65 మిల్లీగ్రాముల మార్ఫిన్ ఉంటే ఏడుపు ఆగక ఏమవుతుంది? కొందరు పిల్లలు మళ్లీ లేవలేదు. సీసా మీద మార్ఫిన్ పేరు రాయాలన్న చట్టం 1906లో గానీ రాలేదు. బొంబాయి మిల్లుల్లో పనికి వెళ్లే తల్లులు ఇంటి దగ్గర బిడ్డకు నల్లమందు కలిసిన ‘బాలగోలీ’ వేసి వెళ్లేవారు. ఆ తల్లులను తప్పుపట్టడం అన్యాయం. బిడ్డను చూసుకునే మనిషి లేక, పని మానుకునే వీలూ లేక వేసిన గోలీ అది.

మందు గురించి నర్సుకు ఎంత తెలియాలన్న వాదం కూడా ఆ కాలానిదే. డాక్టరు చెప్పింది ఇవ్వడమే ఆమె పని, మందు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాల్సిన అవసరం లేదన్న అభిప్రాయం బలంగా ఉండేది. న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో శిక్షణ పొందిన లావినియా డాక్ 1890లో నర్సుల కోసమే ఔషధ శాస్త్ర పాఠ్యపుస్తకం ప్రచురించింది. అలాంటి తొలి పుస్తకాల్లో అదొకటి, దశాబ్దాల పాటు నర్సింగ్ పాఠశాలల్లో నడిచింది. మందు మనిషి నోట్లో పడే ముందు దాన్ని చివరిగా చూసే కళ్లు నర్సువే. ఆ కళ్లకు మోతాదు తప్పో ఒప్పో తెలియాలి. డాక్ పుస్తకం వేసిన పునాది అదే.

1937లో మరో దెబ్బ తగిలింది. గొంతు నొప్పులకు, చీము పట్టే జబ్బులకు సల్ఫానిలమైడ్ మాత్రలు అద్భుతంగా పనిచేస్తున్న రోజులవి. మాత్ర మింగలేని పిల్లల కోసం, ద్రవరూపంలో అడిగేవారి కోసం టెనెస్సీలోని ఒక కంపెనీ దాన్ని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, రాస్ప్‌బెర్రీ రుచి చేర్చింది. రుచి, వాసన, రంగు పరీక్షించారు గానీ విషమా కాదా అన్నది పరీక్షించలేదు. అప్పటి చట్టం ఆ పరీక్ష అడగలేదు కూడా. 105 మంది చనిపోయారు, వారిలో 34 మంది పిల్లలు. మూత్రపిండాలు పాడై, మూత్రం ఆగి, రోజుల తరబడి బాధపడి పోయారు. సరుకును వెనక్కి లాక్కోవడానికి ప్రభుత్వానికి దొరికిన ఆధారం సీసా మీది ‘ఎలిక్సిర్’ అన్న మాట ఒక్కటే. ఎలిక్సిర్ అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు కాబట్టి పేరు తప్పు. ‘ద్రావణం’ అని రాసి ఉంటే ఆ ఆధారమూ ఉండేది కాదు. మందు అమ్మే ముందు సురక్షితమని చూపాలన్న అమెరికా చట్టం మరుసటి ఏడాది, 1938లో వచ్చింది.

అదే రసాయనం 1998లో గురుగ్రామ్‌లో, 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు, జ్వరం సిరప్‌లలో మళ్లీ పిల్లల ప్రాణాలు తీసింది. ఛింద్వాడాలో చనిపోయిన పిల్లలు ఇరవై మందికి పైనే. 1937లోనే తెలిసిన విషం ఇంకా పిల్లల మందు సీసాలోకి చేరుతోందంటే అది క్షమించరానిది. ఇక్కడ తప్పు మోతాదులో లేదు, నర్సు చేతిలోనూ లేదు. సీసాలోనే ఉంది. మందు తాగిన బిడ్డకు ఉన్నట్టుండి మూత్రం తగ్గితే వెంటనే డాక్టరుకు చెప్పాలన్న పాఠం మాత్రం నర్సులకు మిగిలింది.

పిల్లవాడు కుదించిన పెద్దమనిషి అన్న నమ్మకం కూలింది 1950లలో. నెలలు నిండని శిశువులకు చీము పట్టకుండా ముందుజాగ్రత్తగా రెండు రకాల మందులిచ్చి పోల్చిన ఒక అధ్యయనం న్యూయార్క్‌లో జరిగింది. విలియం సిల్వర్‌మన్ బృందం దాని ఫలితాలను 1956లో ప్రచురించింది. ఆ మందుల్లో సల్ఫిసాక్సజోల్ అందుకున్న శిశువులే ఎక్కువ మంది చనిపోయారు. రక్తంలో అల్బుమిన్‌కు అంటుకుని ఉండే పసిరిక పదార్థం బిలిరుబిన్‌ను ఆ మందు తోసేసింది, అది మెదడులోకి చేరింది. తర్వాత క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ వంతు. బరువు లెక్కకట్టి జాగ్రత్తగా ఇచ్చినా నవజాత శిశువులు పాలు కక్కి, పొట్ట ఉబ్బి, చర్మం బూడిద రంగుకు తిరిగి, చల్లబడి చనిపోయేవారు. ‘గ్రే బేబీ’ అన్న ఈ స్థితికి కారణం 1959లో తేలింది. ఆ మందును విరిచి బయటికి పంపే కాలేయపు ఎంజైము పుట్టిన బిడ్డలో ఇంకా సిద్ధం కాలేదు, మూత్రపిండాలూ పూర్తిగా పనిచేయవు. ఇచ్చిన ప్రతి పూటా ముందు పూటది లోపలే ఉండగా దాని మీద పేరుకుంది. యంగ్ భిన్నం గానీ క్లార్క్ భిన్నం గానీ ఈ సంగతి చెప్పలేదు. రెండు వారాల్లోపు శిశువుకు ఆ మందు రోజుకు కిలోకు 25 మిల్లీగ్రాములు దాటకూడదన్న నియమం అలా ఏర్పడింది.

ఆ తర్వాత కంపెనీలు పిల్లలపై పరీక్షలు మానేసి, లేబుల్ మీద ‘పిల్లలకు సిఫారసు చేయబడలేదు’ అని రాసి చేతులు దులుపుకున్నాయి. అమెరికన్ శిశువైద్యుడు హ్యారీ షర్కీ 1960లలో పిల్లలను ‘చికిత్సా అనాథలు’ అన్నది ఇందుకే. పిల్లలకు తగిన మందుల జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా వెలువరించింది 2007లోనే.

పిల్లల మందుల చరిత్రలో ఒక వెలుగు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది, సుబ్బారావు ఆగస్టులో కన్నుమూశారు. అదే బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల క్యాన్సర్ వార్డుల్లో ఉంది. కొన్ని జబ్బుల్లో వారానికి ఒక్కసారే వేయాల్సిన మాత్ర అది. రోజూ అని పొరబడితే ప్రాణం తీస్తుంది.

ఆస్పిరిన్‌ది వేరే కథ. నారింజ రుచితో వచ్చిన పిల్లల ఆస్పిరిన్ మాత్ర 81 మిల్లీగ్రాములు, అంటే పాత లెక్కలో ఒకటింబావు గ్రెయిను. మిఠాయి అనుకుని పిల్లలు సీసాలకు సీసాలు మింగారు. పిల్లలు తెరవలేని మూతలను తప్పనిసరి చేసిన అమెరికా చట్టం 1970లో రావడానికి ఇదొక పెద్ద కారణం. జ్వరాల తర్వాత మెదడూ కాలేయమూ దెబ్బతినే జబ్బును ఆస్ట్రేలియా వైద్యుడు డగ్లస్ రే 1963లో వర్ణించాడు. ఫ్లూ, ఆటలమ్మ సోకిన పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వడానికీ దానికీ సంబంధముందని తేలాక, 1980లలో హెచ్చరికలు వచ్చాయి. కేసులు చకచకా తగ్గాయి, పిల్లల జ్వరానికి పారాసెటమాల్ స్థిరపడింది.

పెద్దల మోతాదును భాగించే సూత్రాలు పక్కకు పోయి, లెక్క కిలోకు మిల్లీగ్రాముల్లోకి మారింది. కొత్త లెక్క కొత్త పొరపాట్లు తెచ్చింది. పెద్దవాళ్ల మోతాదు పదింతలు రాస్తే పది ఇంజెక్షన్ సీసాలు విరగ్గొట్టాలి, అక్కడే అనుమానం వస్తుంది. శిశువుకు పదింతలైనా ఒక్క సీసాలోనే దొరుకుతుంది. 2006లో ఇండియానాపోలిస్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ మిల్లీలీటరుకు 10 యూనిట్లది బదులు 10,000 యూనిట్లది వాడటంతో నెలలు నిండని ముగ్గురు శిశువులు చనిపోయారు. రెండు సీసాల లేబుళ్లూ నీలి ఛాయల్లోనే ఉన్నాయి. 0.5 అని రాసేటప్పుడు ముందు సున్నా వదలకూడదు, 5 అని రాయాల్సిన చోట వెనక చుక్కా సున్నా చేర్చకూడదు అన్న వార్డు నియమాలకు మూలం ఇలాంటి మరణాలే. ప్రమాదకరమైన మందులకు ఇద్దరు నర్సులు ఒకరి లెక్క మరొకరు చూడకుండా విడివిడిగా వేసి సరిచూసుకోవాలన్న నియమమూ అలాంటిదే. నోటి మందుకు వాడే సిరంజికి సూది ఎక్కకుండా మూతిని వేరుగా చేసింది కూడా పాల గొట్టంలోకి వెళ్లాల్సింది రక్తనాళంలోకి వెళ్లిన సందర్భాలు చూశాకే.

మన మందుల షాపుల్లో పారాసెటమాల్ మూడు బలాల్లో దొరుకుతుంది: 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సిరప్, 250 మిల్లీగ్రాముల సిరప్, మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుండే డ్రాప్స్. ఎనిమిది కిలోల బిడ్డకు కిలోకు 15 చొప్పున 120 మిల్లీగ్రాములు కావాలి. మొదటి సిరప్ అయితే అది ఇంచుమించు 5 మిల్లీలీటర్లు. డ్రాప్స్ అయితే 1.2 మిల్లీలీటర్లే. ఆ సిరప్ అలవాటుతో డ్రాప్స్‌నూ 5 మిల్లీలీటర్లు పడితే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి, నాలుగింతలకు పైన. అమెరికాలో తయారీదారులు 2011 నుంచి పసిపిల్లల ద్రవ మందును ఒకే బలానికి మార్చారు. ఇక్కడ మూడూ ఒకే అరలో ఉన్నాయి. డిశ్చార్జి రోజున జాగ్రత్త గల నర్సు తల్లి తెచ్చిన సీసానే చేతిలోకి తీసుకుని మిల్లీగ్రాముల అంకె చదువుతుంది. సిరంజిలో ఆ మేరకు మందు లాగి చూపి, ఆ గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి, మళ్లీ ఒకసారి తల్లి చేత లాగించి చూస్తుంది.