డాక్టర్ హైంజ్ డూఫెన్‌ష్మిర్ట్స్

డాక్టర్ హైంజ్ డూఫెన్‌ష్మిర్ట్స్ అమెరికన్ యానిమేషన్ ధారావాహిక ‘ఫినియస్ అండ్ ఫెర్బ్’లో ప్రతినాయకుడు. 2007 ఆగస్టు 17న డిస్నీ ఛానల్‌లో వచ్చిన తొలి ఎపిసోడ్‌లోనే కనిపించాడు. తెల్లటి ల్యాబ్ కోటు, ముందుకు వంగిన వీపు, పొడవాటి ముక్కు, ఏ దేశానిదో తేల్చలేని యూరప్ యాస అతని గుర్తులు. డాన్‌విల్ నగరంలో ‘డూఫెన్‌ష్మిర్ట్స్ ఈవిల్ ఇన్‌కార్పొరేటెడ్’ అని పేరు రాసిన ఎత్తయిన భవనంలో ఉంటాడు. ట్రై-స్టేట్ ఏరియా అనే ప్రాంతాన్ని తన ఏలుబడిలోకి తెచ్చుకోవాలని రోజుకో యంత్రం తయారుచేస్తాడు. పెర్రీ అనే ప్లాటిపస్ చేతిలో రోజూ ఓడిపోతాడు. డాన్ పోవెన్‌మైర్, జెఫ్ ‘స్వాంపీ’ మార్ష్ ఈ ధారావాహికను సృష్టించారు. డూఫెన్‌ష్మిర్ట్స్‌కు గొంతు ఇచ్చింది పోవెన్‌మైరే. ఇతణ్ని నవ్వించడానికి పెట్టిన చేతగాని విలన్‌గా లెక్కగట్టడం మామూలు. ఎపిసోడ్లను దగ్గరగా చూస్తే ఆ లెక్క నిలవదు. కథానాయకులైన అన్నదమ్ములకు ఉన్న నేర్పే ఇతనికీ ఉంది. తేడా అంతా తాను చేసిన వస్తువు నుంచి ఇతను ఏం ఆశిస్తున్నాడన్న దగ్గర ఉంది. ధారావాహిక తన అసలు విషయాన్ని పరీక్షించుకున్నది ఇతనిలోనే అని ఈ వ్యాసం వాదన.

పిచ్చి శాస్త్రవేత్త పాత్ర పాశ్చాత్య కథల్లో పాతది. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ దానికి పునాది వేసింది. 1927 నాటి జర్మన్ చిత్రం ‘మెట్రోపోలిస్’లో రోట్‌వాంగ్ దానికి ప్రయోగశాలనూ వేషాన్నీ ఇచ్చాడు. 1964లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ దానికి జర్మన్ యాసను గట్టిగా అంటగట్టి, నవ్వునూ భయాన్నీ ఒకే మనిషిలో పెట్టింది. డూఫెన్‌ష్మిర్ట్స్ ఈ వంశంలోని వాడే. అయితే వేషం, యాస, ప్రయోగశాల మాత్రం వారసత్వంగా తెచ్చుకుని, లోపలి మనిషిని మార్చుకున్నాడు. ప్రకృతి రహస్యం తెలుసుకోవాలన్న తపన ఫ్రాంకెన్‌స్టైన్‌ను నడిపింది. డూఫెన్‌ష్మిర్ట్స్‌కు ఆ తపన లేదు. విజ్ఞానం అతనికి ఎప్పుడూ సమస్య కాలేదు. అతణ్ని నడిపేది ఎవరూ తనను పట్టించుకోలేదన్న బాధ. అతని స్వస్థలం డ్రసెల్‌స్టైన్ అనే కల్పిత దేశంలోని గిమ్మెల్‌ష్టంప్ గ్రామం. నిజమైన జాతి దేన్నీ గేలి చేయకుండా పాత యాసను వాడుకోవడానికి ఈ కల్పిత దేశం వీలు కల్పించింది. రచయితలు తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో ఇదొకటి.

ఈ పాత్ర ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఎపిసోడ్ నిర్మాణం తెలియాలి. 104 రోజుల వేసవి సెలవుల్లో ఫినియస్, ఫెర్బ్ అనే అన్నదమ్ములు రోజుకో అద్భుతమైన వస్తువు కడతారు. అక్క క్యాండేస్ దాన్ని అమ్మకు చూపించి వాళ్లను పట్టించాలని పరుగులు పెడుతుంది. వాళ్ల పెంపుడు జంతువు పెర్రీ ఎవరికీ తెలియకుండా రహస్య గూఢచారిగా మారి డూఫెన్‌ష్మిర్ట్స్ దగ్గరికి వెళుతుంది. డూఫెన్‌ష్మిర్ట్స్ దాన్ని ఏదో ఉచ్చులో బంధించి, తన చిన్ననాటి గాయమొకటి వివరంగా చెప్పి, దానికి విరుగుడుగా తాను చేసిన యంత్రాన్ని చూపిస్తాడు. ఆ యంత్రం పేరు చివర దాదాపు ఎప్పుడూ ‘ఇనేటర్’ అని ఉంటుంది. పెర్రీ తప్పించుకుంటుంది, పోరాటం జరుగుతుంది, యంత్రం ధ్వంసమవుతుంది. ఆ గొడవలో దారితప్పిన కిరణమో, ఎగిరిపడిన ముక్కో వెళ్లి అన్నదమ్ముల నిర్మాణాన్ని తాకుతుంది. అమ్మ పెరట్లోకి వచ్చేసరికి అక్కడ ఏమీ ఉండదు. తొలి ఎపిసోడ్ ‘రోలర్‌కోస్టర్’ నుంచీ వరస ఇదే. అందులో అతను అమెరికా తూర్పు తీరాన్ని అల్యూమినియం రేకుతో కప్పి, పెద్ద అయస్కాంతంతో పడమటికి లాగి, భూమి తిరిగే దిశనే మార్చాలనుకుంటాడు.

అతని యంత్రాలు పనిచేయవని చాలామంది అనుకుంటారు. ఈ అభిప్రాయం తప్పనడానికి పెద్ద సాక్ష్యం పెరడే. వస్తువును కుదించాల్సిన కిరణం ఎక్కడ పడితే అక్కడ వస్తువు కుంచించుకుపోతుంది. మాయం చేయాల్సింది మాయం చేస్తుంది. దారితప్పిన కిరణం తన పని తాను చేయబట్టే అన్నదమ్ములు ప్రతిసారీ బయటపడుతున్నారు. యంత్రం నిజంగా పనికిరానిదైతే ఈ ధారావాహికలో ఒక్క కథ కూడా ముగియదు. ఇంకా గట్టి ఆధారం 2008 నాటి ‘ఐ స్క్రీమ్, యూ స్క్రీమ్’లో ఉంది. అన్నదమ్ముల ఐస్‌క్రీమ్ యంత్రం నమూనా కాగితాలు, డూఫెన్‌ష్మిర్ట్స్ లేజర్ నమూనా కాగితాలు అనుకోకుండా తారుమారవుతాయి. వాళ్లు కట్టాల్సింది ఇతను, ఇతను కట్టాల్సింది వాళ్లు కట్టేస్తారు. నేర్పులో ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నారని చెప్పడానికి రచయితలకు ఇంతకంటే సూటి మార్గం దొరకదు. తన యంత్రాలకు ఆత్మవినాశక బటన్ ఎందుకు పెడతాడన్న ప్రశ్న వస్తుంది. అది లెక్క తెలియక చేసిన తప్పు కాదు. యంత్రం పూర్తవడం కంటే దాన్ని ఎవరైనా చూడటం అతనికి ముఖ్యం. పోరాటం అంటే చూడటానికి ఒకరు వచ్చారని అర్థం. పెర్రీ రాకముందే మీట నొక్కే అవకాశం ఎన్నోసార్లు ఉన్నా, కథంతా చెప్పేదాకా ఆగుతాడు.

ఎందుకు ఆగుతాడో అతని బాల్యం చెబుతుంది. అతను పుట్టినప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరూ అక్కడ లేరు. ఇంటి తోటలోని మరుగుజ్జు బొమ్మను అప్పులవాళ్లు తీసుకుపోతే, దాని స్థానంలో ఈ పిల్లవాడు రంగు దుస్తులు వేసుకుని రాత్రిళ్లు కదలకుండా నిలబడాల్సి వచ్చింది. కొంతకాలం అడవిలో ఓసెలాట్ జాతి పిల్లుల మధ్య పెరిగాడు. తల్లి ప్రేమంతా తమ్ముడు రోజర్‌కు పోయింది. పెద్దయ్యాక ఆ రోజరే డాన్‌విల్ మేయరయ్యాడు. తండ్రి ఒక కుక్కను తెచ్చి దానికి ‘ఓన్లీ సన్’, అంటే ఒక్కగానొక్క కొడుకు అని పేరు పెట్టాడు. వీటిని విడివిడిగా చూస్తే అతిశయోక్తి హాస్యం. వరసగా చూస్తే ప్రతిదాంట్లోనూ ఒకే లోటు ఉంది: చూడాల్సినవాళ్లు చూడలేదు. 2009 నాటి ‘అన్‌ఫేర్ సైన్స్ ఫేర్’లో ఈ విషయం అన్నిటికంటే స్పష్టమవుతుంది. చిన్ననాడు పాఠశాల విజ్ఞాన ప్రదర్శనకు అతను నిజమైన యంత్రాన్ని తీసుకెళితే, వంటసోడాతో పొంగే అగ్నిపర్వతం నమూనాకు బహుమతి ఇచ్చారు. విసిగి కవిత్వానికి మారితే అక్కడా ఆ అగ్నిపర్వతమే గెలిచింది. అతని చేతి నేర్పు అసలైనదే. దాన్ని గుర్తించాల్సిన న్యాయనిర్ణేతలు గుర్తించలేదు. ఫినియస్, ఫెర్బ్‌లకు న్యాయనిర్ణేతలతో పని లేదు. కట్టినది సాయంత్రానికి మాయమైనా వాళ్లకు బాధ లేదు, మర్నాడు ఇంకొకటి కడతారు. డూఫెన్‌ష్మిర్ట్స్ మాత్రం ప్రతి యంత్రాన్నీ పాత అవమానానికి జవాబుగా కడతాడు, అందుకే అది పోయినప్పుడు ఆ అవమానం మళ్లీ తాజాగా తగులుతుంది.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. బాల్యంలో కష్టపడ్డాడని చూపించి దుర్మార్గాన్ని క్షమింపజేయడం పిల్లలకు తప్పు పాఠం కాదా? రచయితలకు ఈ ప్రమాదం తెలుసని చెప్పడానికి రెండు ఆధారాలున్నాయి. మొదటిది నార్మ్. డూఫెన్‌ష్మిర్ట్స్ తయారుచేసిన ఈ భారీ రోబో అతణ్ని తండ్రిగా చూస్తుంది, తండ్రి ప్రేమ కోసం ఎదురుచూస్తుంది. డూఫెన్‌ష్మిర్ట్స్ దాన్ని పట్టించుకోడు, చాలాసార్లు కసురుకుంటాడు. తనకు జరిగిన అన్యాయాన్నే ఇంకొకరికి చేస్తున్నాడని ధారావాహిక దాచిపెట్టలేదు. రెండోది 2011 నాటి చలనచిత్రం ‘అక్రాస్ ది సెకండ్ డైమెన్షన్’. అందులో మరో లోకంలో మరో డూఫెన్‌ష్మిర్ట్స్ ఉన్నాడు. అతను కఠినుడు, నిజంగానే ట్రై-స్టేట్ ఏరియాను జయించి పాలిస్తున్నాడు. అతని క్రూరత్వానికి మూలం ఏమిటని అడిగితే చిన్నప్పుడు బొమ్మ రైలు ఒకటి పోయిందంటాడు. మన డూఫెన్‌ష్మిర్ట్స్ నిర్ఘాంతపోతాడు. తాను పడినదాంట్లో అది వందో వంతు కూడా కాదు. బాధ ఎంత ఎక్కువైతే దుర్మార్గం అంత ఎక్కువన్న లెక్కను ఈ ఒక్క సన్నివేశం తోసిపుచ్చింది. బాల్యం కారణాన్ని వివరిస్తుంది, ఏం చేయాలన్న ఎంపిక మాత్రం ఆ మనిషిదే. చివరికి ఆ పాలకుణ్ని ఆపేది మన డూఫెన్‌ష్మిర్ట్స్ దాచుకున్న బొమ్మ రైలు. దాన్ని తెచ్చి అతని చేతిలో పెడతాడు.

కూతురు వెనెస్సాతో సంబంధంలో ఈ ఎంపిక ఇంకా లోతుగా కనిపిస్తుంది. భార్య షార్లీన్‌తో విడాకులైపోయాయి. డబ్బున్న ఆమె నెలనెలా పంపే భరణంతోనే అతని ప్రయోగాలు నడుస్తాయి. వెనెస్సా కొన్ని రోజులు తల్లి దగ్గర, కొన్ని రోజులు తండ్రి దగ్గర ఉంటుంది. తండ్రి చేసేది తప్పని తల్లికి నిరూపించాలని ఆమె పడే పాట్లు క్యాండేస్ పాట్లకు అచ్చు ప్రతిబింబాలు. తల్లి వచ్చేసరికి ఆమెకూ సాక్ష్యం దొరకదు. ఈ పోలికను రచయితలు కావాలనే పెట్టారు. దాని ప్రకారం డూఫెన్‌ష్మిర్ట్స్ స్థానం ఫినియస్ స్థానమే, వయసు మాత్రం వేరు. ‘ఫైండింగ్ మేరీ మెక్‌గఫిన్’లో ఈ మనిషి అసలు రూపం బయటపడుతుంది. చిన్నప్పుడు వెనెస్సా అడిగిన ఒక బొమ్మ కోసం అతను ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉన్నాడు. తన తండ్రి తనకు ఏం కాలేకపోయాడో అది కూతురికి కావాలన్న తాపత్రయం అతనిలో దుర్మార్గం కంటే బలమైనది. నార్మ్ విషయంలో విఫలమైనవాడు వెనెస్సా విషయంలో నెగ్గాడు. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల పాత్ర ముద్దుగా కాక నిజంగా కనిపిస్తుంది.

పెర్రీ సంగతి వేరేగా చెప్పాలి. మాటలు రాని ఈ ప్లాటిపస్ అతనికి శత్రువు, ఏకైక శ్రోత కూడా. 2008 నాటి ‘ఇట్స్ అబౌట్ టైమ్!’లో డూఫెన్‌ష్మిర్ట్స్ పీటర్ అనే పాండాను కొత్త శత్రువుగా పెట్టుకుంటే పెర్రీ మనసు కష్టపెట్టుకుంటుంది. ‘ఓ, దేర్ యూ ఆర్, పెర్రీ’లో పెర్రీకి పైఅధికారులు వేరే విలన్‌ను అప్పగిస్తే డూఫెన్‌ష్మిర్ట్స్ దిగులుపడతాడు. ఇదంతా ఒకే సూత్రాన్ని సాగదీయడమేనని అనేవాళ్లున్నారు. ప్రతి ఎపిసోడ్‌లో ఒకే వరస ఉన్న మాట నిజమే. అయితే ఆ వరస మారకపోవడమే అతని బాధకు అచ్చమైన రూపం. చిన్నప్పుడు ఎవరూ రాని మనిషి దగ్గరికి రోజూ ఒకరు తప్పకుండా వస్తున్నారు. ఇంతకంటే ఏదీ అతనికి అవసరం లేదు, అందుకే గెలవాలన్న తొందర అతనిలో ఎప్పుడూ పూర్తిగా కనబడదు. పెర్రీ లేకపోతే ఏమవుతుందో 2009 నాటి ‘క్వాంటమ్ బూగలూ’ చూపించింది. అక్కడ కాలంలో జరిగిన ఒక మార్పు వల్ల అన్నదమ్ములు అమ్మకు దొరికిపోతారు, దాని వెంట వచ్చిన పరిణామాల్లో డూఫెన్‌ష్మిర్ట్స్ చక్రవర్తవుతాడు. ఆ లోకం చూడ్డానికి చాలా బోసిగా, భయంగా ఉంటుంది. అతను ప్రమాదం లేనివాడని ధారావాహిక ఎన్నడూ అనలేదు.

2015 జూన్ 12న వచ్చిన ‘లాస్ట్ డే ఆఫ్ సమ్మర్’తో మొదటి విడత ముగిసింది. వెనెస్సా గూఢచారి సంస్థ ఓ.డబ్ల్యు.సి.ఎ.లో చేరాలనుకుంటుంది. తాను విలన్‌గా ఉంటే కూతురికి ఆ దారి మూసుకుపోతుందని తెలిసి డూఫెన్‌ష్మిర్ట్స్ దుర్మార్గాన్ని వదిలేస్తాడు. అతణ్ని యంత్రమూ, శిక్షా, ఓటమీ ఏదీ మార్చలేదు. ఒకరి కోసం వదులుకోవాల్సి వచ్చినప్పుడు వదులుకున్నాడు. అదే ఏడాది ‘ది ఓ.డబ్ల్యు.సి.ఎ. ఫైల్స్’లో అతను అదే సంస్థలో శిక్షణ పొందుతూ కనిపించాడు. తర్వాత పోవెన్‌మైర్, మార్ష్‌లే తీసిన ‘మైలో మర్ఫీస్ లా’లో, ముందుముందు కాలప్రయాణాన్ని కనిపెట్టే ప్రొఫెసర్ టైమ్ ఇతనేనని తేలింది. ఇన్నేళ్లూ అతని చేతుల్లో ఉన్న సత్తాకు ఇది కథ ఇచ్చిన గుర్తింపు. దురుద్దేశం తీసేస్తే మిగిలేది గొప్ప ఆవిష్కర్తే.

2020 ఆగస్టులో డిస్నీ ప్లస్‌లో వచ్చిన ‘క్యాండేస్ ఎగైన్‌స్ట్ ది యూనివర్స్’లో అతను ఫినియస్ బృందంతో కలిసి అంతరిక్ష ప్రయాణంలో పాల్గొంటాడు. అదే ఏడాది నుంచి పోవెన్‌మైర్ ఈ పాత్ర గొంతులో టిక్‌టాక్‌లో మాట్లాడుతూ, ధారావాహిక చూస్తూ పెరిగిన తరాన్ని మళ్లీ కూడగట్టాడు. 2025 జూన్ 5న కొత్త ఎపిసోడ్లు మొదలయ్యాయి. వాటిలో డూఫెన్‌ష్మిర్ట్స్ మళ్లీ ఇనేటర్లు కడుతున్నాడు, పెర్రీ మళ్లీ వస్తోంది. 2015లో కూతురి కోసం వదులుకున్నదాన్ని తిరిగి చేతికివ్వడం వల్ల ఆ ముగింపు బలం కొంత తగ్గిందన్న విమర్శ సరైనదే. ధారావాహికకు పాత వరస కావాలి, పాత వరసకు విలన్ కావాలి. ఆ అవసరం కోసం పాత్ర ఎదుగుదలను ఒక మెట్టు వెనక్కి జరిపారు.