అన్వేషణ పదాలు – స్థానిక నామాలు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల పరిశీలన

ఉపోద్ఘాతం

అంతర్జాలంలో వెతికేవారి మాటకూ వెబ్‌సైటులో రాసినవారి మాటకూ పొత్తు కుదిరితేనే ఒక పుట వెలుగులోకి వస్తుంది. ఈ పొత్తు కోసం ఎంచుకొనే పదబంధాలే కీవర్డులు. వీటిని వాణిజ్యపు మెళకువగానే చూడడం పరిపాటి. అయితే ఒక వస్తువును ఎవరు ఏ పేరుతో అడుగుతారన్నది నిఘంటుకారులు ఏనాటి నుంచో ఎదుర్కొంటున్న ప్రశ్న. ఉత్తర తెలంగాణలోని మూడు పట్టణాల ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పట్టిక నుంచి వాక్యానికి

1990లలో కొన్ని సెర్చ్ ఇంజన్లు పుట నిర్వాహకులు తామే ఇచ్చుకున్న పదాల పట్టికను పరిగణించేవి. దాంతో విషయంతో సంబంధం లేని మాటలను గుప్పించే అలవాటు పెరిగింది. 1998లో ఏర్పడిన గూగుల్ ఇతర పుటలు ఇచ్చే లంకెలకు ప్రాధాన్యమిచ్చింది. ఆ పట్టికను ర్యాంకుల నిర్ణయానికి వాడడం లేదని 2009 సెప్టెంబరులో ప్రకటించింది. పదం పుటలో నిజంగా ఉండాలి, విషయానికి తగి ఉండాలి అన్న భావన ఈ క్రమంలో బలపడింది.

ఒకే ఊరు, పలు రూపాలు

తెలుగులో కోరుట్ల ఒక్కటే. ఇంగ్లిషులో మాత్రం శాసనసభ నియోజకవర్గం పేరులో 'ఆర్' తరువాత 'ఎ', పురపాలక సంఘం పేరులో 'యు' కనిపిస్తాయి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లా ఇంగ్లిషులో 'జగ్తియాల్' కాగా, రైల్వే స్టేషను 'లింగంపేట జగిత్యాల్'. అదే రోజు ఏర్పడిన మరో జిల్లాకు వేములవాడ దైవం పేరు చేరి 'రాజన్న సిరిసిల్ల' అయింది.

ఈ చిక్కు ఇంగ్లిషుకే పరిమితం కాదు. 1163 నాటి హనుమకొండ శాసనంలో కాకతి రుద్రదేవుడు ఓడించిన మేడరాజు స్థానం పొలవాస. నేడది జగిత్యాల సమీపంలోని పొలాస. ఒక్క రూపంతోనే వెతికే పరిశోధకునికి చరిత్రలో సగం దొరకదు.

పొలాసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం రూపొందించిన వరి రకాలదీ ఇదే తీరు. శాస్త్రవేత్తకు జె.జి.ఎల్. 1798 అయినది రైతుకు 'జగిత్యాల సన్నాలు'. జె.జి.ఎల్. 384 'పొలాస ప్రభ'. సంకేతం మాత్రమే ఉన్న పుట రైతును చేరదు; వాడుక పేరు మాత్రమే ఉన్నది శాస్త్ర సాహిత్యంతో ముడిపడదు.

సాంచా, మరమగ్గం, చేనేత

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తిపదకోశాలను వెలువరించింది. పని చేసేవారి నోటి మాటను ఆరోపంగా నిలపడం వాటి పద్ధతి. ఈ దృష్టితో చూస్తే సిరిసిల్లలో పత్రికల 'మరమగ్గం' కార్మికునికి 'సాంచా'. యజమానికీ కార్మికునికీ నడుమ నిలిచేవాడు 'ఆసామి'. అమ్మకపు పుటలలో ఈ మాటలకు చోటు అరుదు. కొనేవారికి అవి తెలియకపోవడమే కారణం.

2017లో మొదలైన బతుకమ్మ చీరల పంపిణీ సిరిసిల్ల సాంచాలకు పని కల్పించింది. 2024లో ఆ పథకం కొనసాగలేదు. ప్రభుత్వమే కొనుగోలుదారుగా ఉన్నంతకాలం వస్త్రానికి బజారులో పేరు అక్కరలేకపోయింది. ఆర్డర్లు ఆగాక పేరే ఆధారం. అప్పుడు 'చేనేత' అన్న మాట ఆకర్షిస్తుంది; ఆ మాటతో వెతికేవారూ ఎక్కువే. కాని కొన్ని వస్త్రాలను చేమగ్గానికే ప్రత్యేకించిన 1985 చట్టం, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఆ మాటకు హద్దులు గీశాయి. మరమగ్గపు చీర పుటలో ఆ పదాన్ని చేర్చితే సందర్శకులు పెరగవచ్చు. నష్టపోయేది మాత్రం చేమగ్గం మీద బతికే నేతగాడు.

ముగింపు

అన్వేషణ పదం ఎంపికలో మూడు అంశాలు తేలుతున్నాయి: పేరుకున్న రూపాలన్నిటినీ ఒకే పుటలో చూపడం, అధికారిక నామంతో వాడుక మాటను జతచేయడం, వస్తువుకు చెందని మాటను విడిచిపెట్టడం. మొదటి రెండూ పదకోశాలు నేర్పిన పాఠాలు. మూడవది పాటించకపోతే సిరిసిల్ల నేతకు నేడు ఆకర్షణగా కనిపించే పదమే రేపు అపనమ్మకానికి మూలమవుతుంది.