పరగ్రామ విద్యార్థియు మన సంఘమును



విద్యార్థి సహాయనిధినిగూర్చి నాలుగు మాటలు వ్రాయుడని కార్యదర్శిగారు కోరిరి. జమాఖర్చులు కోశాధికారిగారు విన్నవింతురు. బడిపంతులుగా ముప్పదియైదేండ్లు గడపినవాడను గనుక నేను పూర్వకథ నెత్తుకొనెదను. ఆ కథకును నేటి మన చిక్కునకును సంబంధము కలదు.

1800 సంవత్సరమున నిజామువలన కుంఫిణీవారికి సంక్రమించిన దత్తమండలములలో మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు చేరినవి. వానికి తొలుత ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో తరువాత చెన్నపురి గవర్నరై, 1822లో రాజధానియందలి పాఠశాలల స్థితిని విచారించి తెలుపుడని జిల్లాల కలెక్టర్ల నాజ్ఞాపించెను. కడప కలెక్టరు 1825లో పంపిన ప్రత్యుత్తరమున, పాఠశాలల పట్టికకంటె నాకు విలువైనదిగా తోచిన భాగ మొకటి యున్నది.

పదియేండ్లకును పదునాఱేండ్లకును నడుమనున్న నిరుపేద బ్రాహ్మణ బాలుడు, స్వగ్రామమున చదువుకొను తాహతు లేనియెడల, ఇల్లు విడిచి ఉచితముగా చెప్పు గురువు నివసించు గ్రామమునకు పోవునట. పది మైళ్లు మొదలుకొని నూఱు మైళ్లవఱకు పోవును. (కడపనుండి తిరుపతి నూఱు మైళ్లకు లోపలనే యున్నదని చదువరులు గమనింతురు గాక.) కొన్నియేండ్లదాక తిరిగి రాడు. గురువు విద్యనిచ్చునే కాని అన్న మీయలేడు, ఆయనయు పేదవాడే. ఒకవేళ కలిగినవాడైనను, అన్నవస్త్రములుకూడ నిచ్చుటకు పూనుకొన్నచో వానికొఱకై వచ్చువారు పెక్కురై అసలు ఉద్దేశమే చెడునని కలెక్టరు వ్రాసినాడు. మఱి ఆ బాలునకు పొట్ట గడచుట యెట్లు? ఆ యూరి బ్రాహ్మణగృహములు ప్రతిదినమును వాకిట పెట్టు భిక్షయే ఆధారము. దానిని విసుగులేక, చాటింపులేక, సంతోషముతో పెట్టుచుండిరని ఆ దొర మెచ్చుకొనెను. మధూకరమని మన పెద్దలు చెప్పిన దిదియే. దినమున కొక యింట భోజనము కుదుర్చుకొను వారములు దీనికి తోబుట్టువులు.

ఇందు రెండు సంగతులు చూడదగినవి. చదువు వ్యయము వేఱు, కూటి వ్యయము వేఱు. మొదటిదానిని గురువు మోసెను, రెండవదానిని ఊరు మోసెను. మఱియు, ఆ బాలుడు ఊరికి క్రొత్తవాడే యైనను, పరగ్రామము వాడన్న కారణమున వానికి కబళము తప్పలేదు.

అయితే ఆ వాకిళ్లు మన బిడ్డలకొఱకు కావని దాచుటయేల? మన నేతకులపు బాలుడు ఆ యీడున గుంటమగ్గముకడ కండెలు చుట్టుచుండెను. 1876–78 నాటి మహాక్షామమున నూలు కొనువాడును బట్ట కొనువాడును లేక మగ్గములు మూలబడినప్పుడు, చదువుమాట తలచువాడెవడు?

ఇంగ్లీషు కళాశాలలు వచ్చినపిమ్మట గురువు స్థానమున ఫీజు నిలిచెను. మదనపల్లెలో 1915లోను, అనంతపురమున 1916లోను కళాశాలలు వెలసినవి. కడపకు ప్రభుత్వ కళాశాల 1948లో వచ్చెను. అంతకుముందు పై చదువు కోరిన మనవాడు ఎఱ్ఱగుంట్లలోనో ముద్దనూరులోనో రైలెక్కి చెన్నపురికి పోవలసినదే. ఊరి వాకిళ్ల స్థానమును కులసంఘముల వసతిగృహములు గ్రహించినవి. హైదరాబాదున 1918లో స్థాపింపబడిన రెడ్డి హాస్టలు ఇందులకు ప్రసిద్ధమైన యుదాహరణము. ఈ గృహములను ఆక్షేపించువారు కలరు. ఒకరికి తెఱచిన తలుపు మఱియొకరికి మూయబడుట 1825 నాటి దోషమే గనుక ఆ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. ఐనను వానివలన చదివినవారు వేలకొలది యున్నారు. హరిజన విద్యార్థులకు ప్రవేశపరీక్షానంతర వేతనములు 1944లో ప్రభుత్వమే ప్రారంభించెను.

ఇప్పటి విచిత్రము వేఱు. 2006లో పులివెందులకు ఇంజనీరింగు కళాశాలయు కడపకు యోగివేమన విశ్వవిద్యాలయమును, 2008లో ఇడుపులపాయకు సాంకేతిక విద్యాలయమును వచ్చినవి. ఫీజు తిరిగి చెల్లించు పథకమును ఆ కాలముననే మొదలయ్యెను. కళాశాలలు మనయొద్దకు వచ్చువేళకు మనవారు మగ్గములు విడిచి బెంగుళూరు చేరిరి!

నాయొద్ద ఆఱవ తరగతివఱకు చదివిన బాలుడొకడు తండ్రివెంట అచ్చటికి పోయి, ఇంటరుతో సమానమైన చదువు అచ్చటనే ముగించి, ఇంజనీరింగునకు మన సీమకు మఱలివచ్చెను. "నీవు స్థానికుడవు కావు" అనిరి. ఇల్లు మా వీథిలోనే, అవ్వ ఆ యింటిలోనే. బాలుడు మాత్రము పరదేశి! 1974 నాటి రాష్ట్రపతి యుత్తరువు నూటికి 85 స్థానములు స్థానికులకు కేటాయించి, అర్హపరీక్షతో ముగియు నాలుగేండ్లు వరుసగా ఆ ప్రాంతమున చదివినవానిని స్థానికుడనెను. అనగా తొమ్మిదవ తరగతి మొదలు ఇంటరు రెండవ యేడువఱకు. వెనుకబడిన సీమకు ఆ యుత్తరువు మేలే చేసినది. దానిని నేను నిందింపను. కాని వలసపోవు తండ్రి ఈ లెక్క యెఱుగడు. బిడ్డ తొమ్మిదవ తరగతిలో చేరకముందే, అవ్వతాతలయొద్ద నుంచవలయునా, వెంట గొనిపోవలయునా యని యోచింపవలయును.

ఆ బాలుని తండ్రికిని ఒక దారి యుండెను. మిగిలిన 15 స్థానములకు, ఉద్యోగార్థము బయటనున్న కాలము మినహాయించి తల్లిదండ్రులలో ఒకరు రాష్ట్రమున మొత్తము పదియేండ్లు నివసించియుండిన చాలునను నిబంధన కలదు. ఆ సంగతి చెప్పువారు లేక, నివాసపత్రము గడువులోపల చేరక, ఒక సంవత్సరము వ్యర్థమయ్యెను. నేనును ఆ నిబంధనను ఆలస్యముగనే చదివితిని. ఆ పశ్చాత్తాపము నాకు కలదు.

మఱుసటి యేడు చోటు దొరకినది. భోజనవసతికై ఒక పట్టణమున కులవసతిగృహమునకు పోగా, "మూడు తాలూకాలలో నివసించువారి బిడ్డలకే" యని పంపివేసిరి. మన నియమావళిలోను అట్టి వాక్యమే యున్నది. "నివసించువారి" యను పదముచెంత "నివసించినవారి" యని చేర్చుటకును, ప్రతి వేసవియందు ప్రవేశప్రకటనలను చదివి వలసకుటుంబములకు పత్రముల జాబితా పంపుటకు ఇద్దఱు ఉపాధ్యాయులను నియమించుటకును నేనొక తీర్మానము వ్రాసి యిచ్చితిని. రెండవనాటి సభలో అది చర్చకు వచ్చును.