ధవళేశ్వరంలో రోబోలు

పోయిన సంక్రాంతికి ధవళేశ్వరం వెళ్ళినా ఆఫీసు నన్ను వదల్లేదు. రాత్రి పన్నెండింటికి లాప్‌టాప్ తెరిచి అమెరికాలో ఉన్న సర్వర్ని రీస్టార్ట్ చేస్తుంటే, మా మావయ్య పక్కన కూర్చుని చూస్తున్నాడు.

"ఏరా, అక్కడి మిషన్ని ఇక్కణ్ణుంచే తిప్పుతున్నావు సరే. నువ్వెవరో అక్కడివాళ్ళకి తెలుసా?"

"టికెట్ నంబర్ తెలుసు మావయ్యా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

2008లో 'స్లీప్ డీలర్' అని ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా వచ్చింది. అందులో మెక్సికో కుర్రాడు ఒకడు ఒంటికి వైర్లు తగిలించుకుని, తిజువానాలో నిలబడి అమెరికాలో భవనం కట్టే రోబోని నడుపుతాడు. పని సరిహద్దు దాటుతుంది, మనిషి దాటడు. వాళ్ళ ఊరి నదికి ఒక కంపెనీ ఆనకట్ట కట్టేసి, ఊరివాళ్ళ నీళ్ళు ఊరివాళ్ళకే అమ్ముతుంటుంది. ఆనకట్ట అనగానే నాకు మన ధవళేశ్వరమే గుర్తొచ్చింది.

అసలు రోబో అన్న మాట ఎక్కడిదో తెలుసా? 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంలోది. చెక్ భాషలో 'రొబోత' అంటే జమీందారుకి చెయ్యాల్సిన నిర్బంధ చాకిరీ. మన మాటల్లో చెప్పాలంటే వెట్టి! ఆ దేశంలో దాన్ని 1848లో రద్దు చేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ ఆనకట్ట పని జరుగుతోంది. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. వేలమంది కూలీలు పనిచేశారు. ధవళేశ్వరం కొండ రాయిని పట్టాలు వేసి తరలించారు. డెల్టా బాగుపడింది. కాటన్ దొరని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు, ఆ నీళ్ళతో పండిన అన్నం తిని పెరిగినవాణ్ణే.

కానీ తర్వాతి కథ చూడండి. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. వరదకి గట్టు తెగేలా ఉంటే ఊళ్ళోవాళ్ళని బలవంతంగా పనికి పిలవచ్చు. అది ఆపద, అర్థం చేసుకోవచ్చు. అయితే కొన్ని సాగునీటి పనులకి ఆనవాయితీగా చేసే చాకిరీని అమలు చేయించే ఏర్పాటు కూడా అదే చట్టంలో ఉంది. అక్కడ రొబోత పోయిన పదేళ్ళకి, ఇక్కడ వెట్టికి చట్టం తోడైందన్నమాట.

1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. మనుషులు ఎత్తలేని బరువు యంత్రాలు ఎత్తుతాయి, మంచిదే. రోబోలు మన ఉద్యోగాలు తినేస్తాయని మన ఆఫీసుల్లో తెగ భయపడుతున్నాం కదా, నాకు మాత్రం వేరే భయం. చాపెక్ రోబోలు ఇనుముతో చేసినవి కావు, చూడ్డానికి మనుషుల్లాగే ఉంటాయి. పని మాత్రమే మిగిలి, చేసినవాడు లెక్కలోకి రాకపోతే మనిషే రోబో అయిపోతాడు.

బ్యారేజీకి కాటన్ పేరుంది. ఆయన దగ్గర పనిచేసిన వీణెం వీరన్న పేరు కొందరికైనా తెలుసు. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు మీలో ఎవరైనా ఒక్కటి చెప్పగలరా? నేను చెప్పలేను.

ఆ రాత్రి టికెట్ క్లోజ్ చేస్తూ, ఎప్పుడూ ఉద్యోగి నంబర్ కొట్టే చోట నా పేరు ఇంటిపేరుతో సహా టైపు చేశాను. అవతల ఎవరూ చదివి ఉండరు. మావయ్య మాత్రం కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు.